వెండిగీత మందారాన్ని కోసిన కత్తి

నేను ఒక అంటు కత్తిని. కూరలు తరిగేదాన్ని కాను, కోడి మెడ కోసేదాన్ని అంతకన్నా కాను. ఒక కొమ్మని కోసి ఇంకో కొమ్మలో దూర్చి, మీరిద్దరూ ఒకటేనని చెట్టుని నమ్మించేదాన్ని. మీ ఇంటి ముందు కుండీలో ముద్ద మందారం ఉందా? దాని మొదట్లో ఒక బొడిపె ఉంటుంది, తడిమి చూడండి. అక్కడే నాలాంటి కత్తి ఒకటి పని చేసింది. మీరెప్పుడూ చూసి ఉండరు. పువ్వు చూస్తారు, రేటు అడుగుతారు, అంతే.

నేను పుట్టింది ధవళేశ్వరంలో. ఇనుము కోసీ కోసీ పళ్ళరిగిపోయిన రంపపు బ్లేడు ముక్కని ఒక కమ్మరి ఎర్రగా కాల్చి, సాగగొట్టి, నూనెలో ముంచి, గేదె కొమ్ము పిడి తొడిగాడు. ఆయన పేరు నాకు తెలీదు. చేసినవాడి పేరు వస్తువు మీద ఉండదు, అమ్మినవాడి పేరుంటుంది. ఇదెక్కడి న్యాయమని అడిగితే పుట్టగానే తగువు పెట్టుకుంటున్నాననుకుంటారు. అనుకోండి.

నన్ను కొన్నవాడు పళ్ళాలు అనే అంటు మేస్త్రి. కడియం చుట్టుపక్కల నర్సరీల్లో మామిడి, సపోటా, గులాబీ, మందారం, ఏదైనా కట్టేవాడు. పొద్దున్నే ముంజేతి మీద వెంట్రుక గొరిగి చూసి, తెగితేనే పనిలోకి దిగేవాడు. అంటు పని జంట పని. ఒకరు కోస్తూ పోతారు, వెనకాలే ఇంకొకరు ప్లాస్టిక్ రిబ్బను చుట్టి కడుతూ వస్తారు. కోసేది మగాడు, కట్టేది ఆడది. ఎందుకంటే ఆడదాని చెయ్యి పడితే అంటు అతకదట! మరి కట్టు కట్టే చెయ్యి ఎవరిదో? ఆ ప్రశ్న అడిగినవాణ్ణి నేను ఇంతవరకూ చూడలేదు.

పళ్ళాలు కోస్తే కూతురు వీరవేణి కట్టేది. తండ్రి టీ తాగడానికి వెళ్ళినప్పుడు నన్ను తీసి, పారేసిన కొమ్మ మీద ఒక కోత కోసేది. ఆ కోత నున్నగా అద్దంలా వచ్చేది. తండ్రి కోతకన్నా మేలైనది. ఆ సంగతి నాకు తెలుసు, ఆమెకి తెలుసు, పళ్ళాలుకీ తెలిసే ఉంటుంది. అయినా ఆయన మంచం పట్టి పోయేముందు నన్ను అల్లుడి చేతిలో పెట్టాడు.

అల్లుడి పేరు తాతాజీ. చెడ్డవాడు కాదు. తాగడు, పెళ్ళాన్ని కొట్టడు, పనిలో దొంగతనం లేదు. ఒక్కటే జబ్బు, మేస్త్రినన్న గొప్ప. నన్ను తోలు ఒరలో పెట్టి నడుముకి కట్టుకుని వరసల మధ్య నడుస్తుంటే మెడ కాస్త నిక్కేది. అతనికి ఒక కోరిక ఉండేది. గులాబీలకి ఎక్కడెక్కడి రాణుల పేర్లో ఉన్నాయి, మామిడికి దొరల పేర్లున్నాయి, అంటు కట్టి చేతులు కాయలు కాసినవాడి పేరు ఏ మొక్కకీ లేదు. తన పేరుతో ఒక్క మొక్కయినా ఉండాలి. తప్పేముంది? నా మటుకు నాకు న్యాయంగానే తోచింది.

అతను పనిచేసింది బుల్లబ్బాయి నర్సరీలో. పూల మొక్కల వ్యాపారం సంగతి మీకు తెలీదు కాబట్టి చెబుతున్నాను. వరి ఆకు మీద తెల్ల మచ్చ పడితే రైతు గుండె గుభేలుమంటుంది. అదే మచ్చ కుండీ మొక్క ఆకు మీద పడితే నర్సరీ యజమాని కళ్ళు మెరుస్తాయి. పచ్చటి ఆకుకి ఒక రేటు, తెల్ల చారలున్న ఆకుకి ఇంకో రేటు. ఆకు ఎంత వింతగా ఉంటే అంత గిరాకీ. ఇలాంటి చోట జరగాల్సిందే జరిగింది.

మోటారు షెడ్డు వెనక ఇంటి అవసరానికి వేసుకున్న చిక్కుడు పందిరి ఉంది. దాని పక్కనే ఎవరూ పట్టించుకోని మందారాలు నాలుగు. ఒకరోజు తాతాజీ కాళ్ళు కడుక్కోవడానికి అటు వెళ్ళి ఆగిపోయాడు. ముదురాకుపచ్చ ఆకుల మీద వెండి దారంతో కుట్టినట్టు వంకర్లు తిరిగిన గీతలు. ఒక్క ఆకు గీత ఇంకో ఆకు గీతలా లేదు. అతను ఆకుని చేతుల్లోకి తీసుకున్న తీరు ఎలాగుందంటే, పురిటి మంచం దగ్గర మగవాళ్ళు అలా వంగుతారు.

బుల్లబ్బాయి పరిగెత్తుకొచ్చాడు. చూశాడు. పంచె ఎగ్గట్టి మళ్ళీ చూశాడు.

"ఒరే తాతాజీ, ఇదెక్కడిదిరా? దేశంలో ఎవడి దగ్గరా లేదు. ఇది గనక అంటులో నిలబడిందంటే నీ పేరే పెడతాన్రా. గేటు కాడ బోర్డు రాయిత్తాను. తాతాజీ వెండిగీత! ఏం?"

"ఆయ్, తవరి దయండి," అన్నాడు తాతాజీ.

పక్కనే ఉన్న చిక్కుడాకుల మీద అవే గీతలున్నాయి. ఇద్దరూ అటు చూడలేదు. చూసి ఉంటే చిక్కుడుకి తెగులొచ్చిందని తిట్టి ఉండేవారు. ఒకే పురుగు కూర మొక్క మీద గీస్తే తెగులు, పూల మొక్క మీద గీస్తే కొత్త రకం! మనిషి కన్ను అలా పనిచేస్తుంది, నేనేం చెయ్యను.

పని మొదలైంది. గీతలున్న తల్లి మొక్క నుంచి తాతాజీ పుల్లలు కోసి, ఆకులు దులిపేసి, నాటు మందారం మొదళ్ళలో చీల్చి దించాడు. వీరవేణి వెనకాలే కట్టుకుంటూ వచ్చింది. అంటుకి ఆకు అక్కర్లేదు. అక్కర్లేదని దులిపేసిన ఆ ఆకుల్లోనే అసలు సంగతంతా ఉంది. ఒకసారి ఆకు తెగుతుండగా నా అంచుకి మెత్తగా, తడిగా ఏదో తగిలింది. తాతాజీ చూడకుండా నన్ను లుంగీకి తుడిచేశాడు.

కట్టిన అంట్లన్నీ మోటారు షెడ్డు వెనకే పాలిథిన్ గుడారం కింద పెట్టారు. ఈగ కూడా దూరకుండా అంచులు మట్టితో కప్పారు. ఇక చూడండి వైభోగం. బుల్లబ్బాయి ఫోన్లో ఫోటోలు తీసి ఊరూరా పంపాడు. హైదరాబాదులో పెద్ద పెద్ద ఇళ్ళకి తోటలు వేసే రాజమల్లు అనే ఆసామి మొత్తం మడి తనకే కావాలని బయానా ఇచ్చాడు. పెయింటరు వచ్చి గేటు కొలత తీసుకెళ్ళాడు.

చిగుళ్ళు వచ్చాయి. నున్నగా, పచ్చగా, ఒక్క గీత లేకుండా.

"లేతాకు కదండీ, ముదిరితే దిగుతాయండి గీతలు," అన్నాడు తాతాజీ. ఆకులు ముదిరాయి. అరచేతులంత అయ్యాయి. గీత లేదు. తాతాజీ పొద్దున్నే గుడారం దగ్గర గొంతుక్కూర్చుని ఒక్కో ఆకునీ తిప్పి చూసేవాడు. తిండి తగ్గింది. నన్ను నూరడం మానేశాడు.

రాజమల్లు లారీతో దిగాడు. గుడారం ఎత్తి చూశాడు.

"ఏందివయ్యా ఇవి? గీతలేడ వోయినయ్? గిసొంటి పచ్చటి మందారాలు మా బస్టాండు కాడ కుప్పలు వోసి అమ్ముతరు. నన్ను ఉత్త ఎడ్డోణ్ణి జేస్తున్రా?"

బుల్లబ్బాయి మొహం నల్లబడింది. ఆ మొహం ఎటు తిరుగుతుందో నాకు ముందే తెలుసు. పెద్దవాడి తప్పు ఎప్పుడూ కిందికే జారుతుంది. తాతాజీ వైపు తిరిగాడు.

"అసలు పుల్లలు ఏ నర్సరీకి అమ్ముకున్నావురా?"

తాతాజీకి మొదట అర్థం కాలేదు. "ఏంటండీ?"

"నాటకాలాడకు. ఎండిగీత పుల్లలు బయటికి దాటించేసి, ఇక్కడ మామూలు మందారం కట్టావు. తల్లి మొక్క మీద గీతలుండగా పిల్ల మొక్కకెందుకు రావురా? నేను పిచ్చోణ్ణా? రేపు పొద్దున్న ఈయన ఉండగానే తేలాలి. ఎవడికమ్మావో సెప్పు, లేదా టేసన్లో సెబుదువుగాని."

చుట్టూ పనివాళ్ళున్నారు. ఇరవై ఏళ్ళు పక్కపక్కన కూర్చుని అంట్లు కట్టినవాళ్ళు. ఒక్కడు నోరెత్తలేదు. ఇందులో నాకు ఆశ్చర్యం లేదు, ఒళ్ళు మంట ఉంది.

ఆ సాయంత్రం ఇంట్లో అన్నం కుండ దించినచోటే ఉంది. తాతాజీ నన్ను ఒళ్ళో పెట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు.

"నోట్లో బెల్లంముక్క ఎట్టుకున్నావా మావా, అక్కడ? అమ్మలేదని గట్టిగా అనొచ్చు కదా!" అంది వీరవేణి.

"నేను కట్టింది ఎండిగీతే. నా సేత్తో కోశాను. మద్దెలో ఎవరో మార్చేశారు."

"ఎవరు మారుత్తారు?"

అతను తలెత్తలేదు. "నేను కోశాక పుల్ల నీ సేతికే కదే వచ్చింది."

వీరవేణి నిలబడిపోయింది. నేను ఎన్నో కొమ్మల్ని చీల్చాను. ఆ మాట చీల్చినంత లోతుగా ఎప్పుడూ దిగలేదు.

"అయితే దొంగని నేనన్నమాట," అంది చివరికి. "సెప్పు, రేపు అక్కడా అదే సెప్పు. నా పెళ్ళాం మార్చేసిందండి అని సెప్పి గేటు మీద పేరు రాయించుకో."

ఆమె ఏడవలేదు. కుండలో నీళ్ళు పోసి పడుకుంది.

తెల్లారగానే అతను కాలవకి వెళ్ళిన సమయం చూసి ఆమె నన్ను ఒరలోంచి లాగి చెంగులో చుట్టింది. ఎక్కడికని నాకూ తెలీదు. నేరుగా మోటారు షెడ్డు వెనక్కి వెళ్ళింది. ముందురోజు బుల్లబ్బాయి తిడుతున్నంతసేపూ ఆమె ఆ తల్లి మొక్క పక్కనే తల వంచుకు నిలబడింది. కళ్ళెదురుగా ఒక ఆకు. దాని మీద గీత నడిమి ఈనె దాకా వచ్చి ఆగింది. తిట్లు తింటున్నప్పుడు మనిషి ఎక్కడో ఒకచోట చూపు నిలపాలి కదా, ఆ ఈనె మీద నిలిపింది.

ఇవాళ ఆ గీత ఈనె దాటింది.

ఆమె ఆకుని పట్టుకుని అలాగే ఉండిపోయింది. చారల మొక్కలు ఆమె చేతిలో ఎన్ని పెరగలేదు! చార ఆకుతోనే పుడుతుంది, ఆకుతోనే సాగుతుంది. రాత్రికి రాత్రి లేచి నడవదు. ఆకుని తుంచి ఎండకి అడ్డంగా పెట్టింది. గీత ఒక కొస సన్నటి దారం, పోనుపోనూ వెడల్పు. నడుమ నల్లటి చుక్కలు. వెడల్పు కొసన చిన్నగా, పసుపుగా ఏదో కదిలింది. తల తిప్పి చిక్కుడు పందిరి చూసింది. ప్రతి ఆకు మీదా అదే నడక.

"ఓరి నీ మొకం మండ," అంది వీరవేణి, పురుగుని.

మీకూ చెబుతున్నాను, వినండి. నలుసంత ఈగ ఆకులో గుడ్డు గుచ్చి పోతుంది. పిల్ల పురుగు పైపొర, కిందిపొర ముట్టుకోకుండా మధ్య పచ్చటి కండ మేసుకుంటూ పోతుంది. మిగిలిన పొర వెండిలా మెరుస్తుంది. మనం మురిసిపోయేది దానికి. గుడారంలోకి ఈగ దూరలేదు, గీత రాలేదు. ఇంతే కథ. దీనికి టేసనెందుకు?

షెడ్డులో అందరూ చేరారు. రాజమల్లు కుర్చీలో, బుల్లబ్బాయి బల్ల మీద. తాతాజీ స్తంభానికి ఆనుకుని ఉన్నాడు, నడుముకి ఖాళీ ఒర. వీరవేణి ఆకులు పట్టుకుని లోపలికి వచ్చింది. చేతిలో నేను.

"బుల్లబ్బాయిగారండీ, ఒక్కసారి ఇలా సూడండి."

"ఆడదానివి, సేతిలో కత్తేంటే?" అన్నాడు బుల్లబ్బాయి.

"ఏణీ," అన్నాడు తాతాజీ, "కత్తి ఇటియ్యి."

ఆమె ఇవ్వలేదు. ఆకుని బల్ల మీద పరిచి, నా మొనతో గీత వెడల్పు కొసన పైపొర ఎత్తింది. ఉల్లిపొర ఊడినట్టు ఊడింది. ఇన్నేళ్ళలో నా మీద అంత తేలిక చెయ్యి పడలేదు. లోపలినుంచి బియ్యపు నూకలో సగం లేని పురుగు ఒకటి మెలి తిరుగుతూ బయటపడింది. దాన్ని నా మొన మీదే తీసుకుని బుల్లబ్బాయి బొటనవేలి గోరు మీద పెట్టింది.

"ఇదండి మీ ఎండిగీత."

రాజమల్లు కుర్చీలోంచి లేచి వంగి చూశాడు. "థూ! గీ పురుగుకా నేను బయానా ఇచ్చింది?"

"ఆగండాగండి," బుల్లబ్బాయి గోరు దులుపుకున్నాడు. "ఒక్కాకులో పురుగు పడితే అన్నీ పురుగులేనా?"

ఆమె ఇంకో ఆకు కోసింది. పురుగు. ఇంకొకటి. పురుగు. మరొకటి కోసింది. అందులో గీత ఉంది, పురుగు లేదు. కొసన సూది బెజ్జమంత చీలిక.

"అదుగో! ఇందులో లేదు కదే!" బుల్లబ్బాయికి ప్రాణం లేచొచ్చింది.

"తినేసి పోయిందండి. మీరైతే భోంచేశాక ఇస్తరాకులోనే కూకుంటారా?"

షెడ్డంతా గొల్లున నవ్వింది. నిన్న నోరెత్తని వాళ్ళందరికీ ఇప్పుడు నోళ్ళొచ్చాయి. నేను తాతాజీని చూస్తున్నాను. దొంగ కాదని తేలిపోయింది కదా, మొహంలో వెలుగు రావాలి. రాలేదు. అతను బల్ల మీది ఆకుల్ని చూస్తున్నాడు. ఆ ఆకుల్ని ముందు చూసింది అతనే. చేతుల్లోకి తీసుకుంది అతనే. పేరు పెట్టింది అతనే.

"అది ఎండిగీతే," అన్నాడు.

నవ్వు ఆగింది.

"ఎండిగీతే అండి. ఈ ఆకులు చిక్కుడు పాదు మీదవి, అదేదో గాబరాలో తెచ్చింది. పుల్లలు..." స్తంభం వదిలి ముందుకొచ్చాడు. "పుల్లలు నేనే మార్చాను. బయటోళ్ళకి అమ్మేశాను. టేసనుకే పదండి."

నమ్ముతారా? ముందురోజు దొంగ అంటే కుప్పకూలినవాడు, ఇవాళ తనంతట తానే దొంగనని ముందుకొచ్చాడు. దొంగిలించిన వెండిగీత ఎక్కడో బతికి ఉంటుంది. పురుగు తిన్న వెండిగీత ఎప్పుడూ లేదు. అతనికి మొక్క కావాలి. జైలయినా సరే.

బుల్లబ్బాయి ఆ మాట అందుకోబోయాడు. ఆయనకీ దొంగే లాభం మరి. వీరవేణి మందారం ఆకుని, చిక్కుడాకుని పక్కపక్కన పెట్టి చూపించింది. ఆకు ఏదో గుర్తుపట్టలేని వాడు ఆ షెడ్డులో ఎవడున్నాడు?

"ఏమమ్మినవయ్యా నువ్వు?" అన్నాడు రాజమల్లు. "పురుగులా? కిలో ఎట్లిచ్చినవ్?"

ఈసారి నవ్వు ఆగలేదు. రాజమల్లు తన బయానా తను వసూలు చేసుకుని ఖాళీ లారీతో పోయాడు. బుల్లబ్బాయి లేచి కండువా దులిపి, "పోరా, దొంగవి కాదులే. పురుక్కి అంటు కట్టినోడివి," అన్నాడు. ఆ మాట అంటుకుపోయింది. పురుగు మేస్త్రి. కాలవ గట్టు మీద పిల్లలు కూడా అలాగే పిలిచారు.

తాతాజీ ఖాళీ ఒర విప్పి బల్ల మీద పడేసి వెళ్ళిపోయాడు. నన్ను మళ్ళీ ముట్టుకోలేదు. ఇప్పుడు లారీలకి కుండీలు ఎక్కిస్తాడు. వీరవేణితో అవసరమైతే గోడకి చెప్పినట్టు చెబుతాడు. ఆమె అతన్ని టేసను నుంచి కాపాడింది. దానికి ఇది కూలి.

నేను ఆమె బొడ్లో చేరాను. పక్క ఊరి నర్సరీలో కోత పని చేస్తోంది. ఆడదాని చెయ్యి పడితే అంటు అతకదన్నవాళ్ళే పిలిచారు. మగవాడి కూలి ఇవ్వక్కర్లేదని తెలిశాక ఆ నమ్మకం ఎటో పోయింది.

బుల్లబ్బాయి సంగతి అడగరేం? చిక్కుడు పందిరి పీకించలేదు. ఇంకా పందిళ్ళు వేయించాడు. పచ్చటి మందారం కుండీలు వాటి కింద పెట్టిస్తాడు. గీతలు పడగానే రోడ్డు మీది అంగట్లో నిలబెట్టి, కార్లలో పోయే దూరపు ఊళ్ళవాళ్ళకి వెండిగీత అని అమ్ముతాడు. పురుగుని గుర్తుపట్టనందుకు తాతాజీని చూసి నవ్విన ఊరు, గుర్తుపట్టి మేపుతున్న బుల్లబ్బాయిని బుర్రున్నోడంటోంది.

మొన్న పని దిగి వీరవేణి ఇంటికి వస్తోంది. లోడు పని అయిపోయి తాతాజీ నాలుగడుగుల ముందు నడుస్తున్నాడు. అంగడి దగ్గర ఎవరో మొగుడూ పెళ్ళాలు కారు డిక్కీలోకి కుండీలు ఎక్కిస్తున్నారు. కుండీ మీద చీటీ: వెండిగీత మందారం. తాతాజీ పేరు లేదు.

తాతాజీ ఆగాడు. వరసలోని ఒక కుండీ దగ్గరికి వెళ్ళి ఆకు వంచాడు. గీత వెంట వేలు నడిపించాడు, మలుపులన్నీ తిరుగుతూ, మెల్లగా.

"సూశావా ఏణీ?" అన్నాడు. ఎన్ని నెలలకో ఆమెని పేరుతో పిలిచాడు. "నిలబడింది. నేను సెప్పలేదా? పుల్ల మంచిదే. ఎవడో మార్చేశాడంతే."

ఆమె చెయ్యి బొడ్డు దగ్గరికి వచ్చి నా పిడి మీద ఆగింది. నాకు ఒళ్ళంతా అంచే అయిపోయింది. కొయ్యి, అన్నాను. కొయ్యవే తల్లీ, ఈ అంగడి ముందే, ఆ కారువాళ్ళ కళ్ళెదుటే, పొర ఎత్తి చూపించు. వీడికీ చూపించు. నాకు నోరు లేదు. ఉన్నా ఆమె వినేది కాదేమో. ఆమె అతని మొహం చూస్తోంది.

"అవును మావా," అంది. "బాగా నిలబడింది. పద, పొద్దుపోతంది."

పిడి మీంచి చెయ్యి తీసేసింది. అతను ఆకు వదిలాడు. ఆకు రెండుసార్లు ఊగి ఆగింది. లోపల పురుగు మేస్తూనే ఉంది.